గుమాస్తా చేతిరాత, గల్లాపెట్టె తాళం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సంగతి ఇదీ: పలాసలో మీ నాన్నగారి జీడిపప్పు ఫ్యాక్టరీ ఇప్పుడు మీ చేతికొచ్చింది. పాత గుమాస్తా నాలుగేళ్లుగా కొద్దికొద్దిగా డబ్బు లాగుతూ చివరికి దొరికిపోయాడు. కొత్త గుమాస్తా ఒకరు, గ్రేడింగ్ సూపర్‌వైజరు ఒకరు కావాలి. మీ మావయ్య గారు విశాఖ నుంచి ఒక గ్రాఫాలజిస్టుని, అంటే చేతిరాత చూసి మనిషి గుణం చెబుతాననేవాణ్ణి, మాట్లాడి పెట్టారు. గీతల్లేని తెల్లకాగితం మీద ఒక పేజీ రాయించి ఫోటో తీసి పంపితే చాలు, ఆ మనిషి నిజాయతీపరుడా కాదా, ఎన్నాళ్లు నిలబడతాడు అన్నీ చెప్పేస్తాడట. పేజీకి 1,500 రూపాయలు. ఆరుగురి చేత రాయించి బీరువాలో పెట్టుకుని, పంపాలా వద్దా అని అడుగుతున్నారు.

వద్దు. ఎందుకు వద్దో, ఆ డబ్బూ ఆ ఓపికా ఎక్కడ పెడితే పనికొస్తాయో చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఎందుకంటే ఈ పిచ్చి ఒకప్పుడు నాకూ పట్టింది.

నేను విజయనగరం వైపు ఒక జూట్ మిల్లు టైమ్ ఆఫీసులో చేరి, పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ హెచ్‌ఆర్ మేనేజరుగా రిటైరయ్యాను. అక్కడున్న రోజుల్లో మా పెద్దసారు ఏదో సెమినారుకెళ్లి గ్రాఫాలజీ అంటించుకొచ్చారు. నన్ను రెండు రోజుల క్లాసుకి పంపారు. అక్షరాలు కుడికి వాలితే నలుగురిలో కలిసే మనిషి, ఎడమకి వాలితే లోపల్లోపలే కుములుతాడు. ఇంగ్లీషు 'టి' మీద అడ్డగీత పైకి కొడితే పెద్ద ఆశయాలున్నవాడు. వరస పైకి పోతే ఉత్సాహం, కిందకి జారితే దిగులు. 'ఓ' నోరు మూసి సున్నాలో మెలిక తిప్పితే గుట్టు మనిషి. ఇలా ఒక యాభై సూత్రాలు. తిరిగొచ్చిన వారం రోజులూ నాకు మూడో కన్ను తెరుచుకున్నట్టే ఉంది. క్యాంటీన్ కాంట్రాక్టరు బిల్లు చూసి కూడా అతని గుణగణాలు చెప్పేస్తుంటే మా ఆవిడ ఒకటే నవ్వు.

ఆ తర్వాత మందస వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. కెమిస్ట్రీలో మంచి మార్కులు, ఇంటర్వ్యూలో తడబడినా అడిగినదానికి సూటిగా చెప్పాడు. పేజీ రాయించి పంపాం. రిపోర్టు వచ్చింది: మనుషులకి దూరంగా ఉంటాడు, నిర్ణయం తీసుకోవడంలో తటపటాయింపు, మనసులో మాట బయటపెట్టడు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీలు ఎక్కువున్నాయి గనక అట. కుర్రాణ్ణి పక్కన పెట్టేశాం. కబురు ఫోన్లో నేనే చెప్పాల్సొచ్చింది. "ఏటండి, నా రాత బాగులేదాండి? మా ఊళ్లో ఏబీసీడీలు హైస్కూలుకొచ్చాకే నేర్చుకున్నామండి" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఫోన్ పెట్టేశాక ఆ పేజీ మళ్లీ తీసి చూశాను. వాడు ఇంగ్లీషుని తెలుగు రాసినట్టు రాశాడు, అంతే. మన లిపిలో అక్షరాలు కలిపి రాయం. ఒక అక్షరం, దాని గుడి, దాని కొమ్ము, దాని ఒత్తు పూర్తయితే కలం ఎత్తి పక్క అక్షరానికి వెళతాం. చిన్నప్పుడు పలక మీద అలా దిద్దిన చెయ్యి ఇంగ్లీషులోనూ విడివిడిగానే రాస్తుంది. కాన్వెంటులో నాలుగు గీతల కాపీ పుస్తకం నింపిన పిల్లలు గొలుసుకట్టుగా రాస్తారు. ఆ రిపోర్టులో 'మనుషులకి దూరం' అని పడింది నిజానికి మందస హైస్కూలుకీ విశాఖ కాన్వెంటుకీ మధ్య దూరం.

"అయితే తెలుగులోనే రాయించండి" అన్నాను మా గ్రాఫాలజిస్టుతో. ఆయన ఇబ్బంది పడ్డాడు. ఆ సూత్రాలన్నీ రోమన్ లిపి మీద కట్టినవి. 1870లలో ఫ్రాన్స్‌లో మిషోన్ అనే మతగురువు ఈ విద్యకి గ్రాఫాలజీ అని పేరు పెట్టి ప్రచారం చేశాడు. ఆయన ముందున్నవి ఫ్రెంచి ఉత్తరాలు. మన తలకట్టుకి ఏ గుణం అంటగడతారు? ఆ విద్యలో గీత కిందకి దిగే భాగం పెద్దగా ఉంటే ధనాశ, శరీర సుఖాల మీద యావ అంటారు. మన ఒత్తులన్నీ గీత కిందే కదా ఉండేది. ఆ లెక్కన జ్యోత్స్న అనే పేరున్న ఆడపిల్ల సంతకం పెట్టినప్పుడల్లా దురాశ బయటపడిపోవాలి.

ఇంకో పని చేశాను, కొంచెం తుంటరిది. నైట్ షిఫ్ట్ ఆపరేటరు ఒకణ్ణి పిలిచి ఒక పేజీ ఆదివారం పొద్దున టీ తాగాక బల్ల దగ్గర కూర్చోబెట్టి రాయించాను. ఇంకో పేజీ రాత్రి డ్యూటీ దిగి, ఆరింటికి బస్సు కోసం తొందరపడుతుంటే ఫైలు అట్ట మీద నిలబెట్టి రాయించాను. పేర్లు తీసేసి రెండు వేరు వేరు నంబర్లేసి పంపాను. ఒక నంబరు క్రమశిక్షణ గల మనిషి, బాధ్యత అప్పగించవచ్చు. రెండో నంబరు అసహనపరుడు, సూపర్‌వైజరు మాట వినడు. అదీ ఇదీ ఒకడే అని చెబితే పెద్దసారు "మూడ్ మారింది కదండీ, రాత మారదా మరి" అన్నారు. మారుతుంది. మూడ్‌తో, కలంతో, కింద బల్ల ఉందో లేదో దాన్నిబట్టి మారేదాన్ని పట్టుకుని మనిషి గుణం ఎలా చెబుతాం? ఆ మాట అప్పుడు గట్టిగా అనలేకపోయాను. ఉద్యోగం కదా.

మరి ఇంతమంది "భలే కరెక్టుగా చెప్పాడండీ" అంటారేమిటి? మీ మావయ్య గారి నమ్మకమూ అక్కడే ఉంది: ఆయన రాతని చూసి గ్రాఫాలజిస్టు చెప్పిందంతా నిజమేనట. మన వీధుల్లో సోది చెప్పే ఆవిడ వస్తుంది చూశారా. "నలుగురికీ చేస్తావు తల్లీ, నీకు చేసేవాళ్లు లేరు. పైకి నవ్వుతావు, లోపల బాధ ఉన్నాది" అంటుంది. ఏ ఇల్లాలికి అది నిజం కాదు? 1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ మాస్టారు తన క్లాసులో 39 మందికి ఒక పరీక్ష పెట్టి, తర్వాత ఎవరికి వాళ్లకి వాళ్ల గుణవర్ణన అని తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో 5కి మార్కులేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులో మాటలు బజార్లో అమ్మే జాతకాల పుస్తకంలోంచి ఏరినవి. మీ మావయ్య గారి రిపోర్టులో పేరు తీసేసి మీ ఫ్యాక్టరీ డ్రైవరుకి చదివి వినిపించండి. అదీ తన గురించే అంటాడు.

దీని మీద పరిశోధనలు జరగలేదా అంటే బోలెడు జరిగాయి. ఇజ్రాయెల్‌లో కంపెనీలు ఉద్యోగులని తీసుకోవడానికి దీన్ని బాగా వాడేవి, గట్టి పరీక్షలూ అక్కడివాళ్లే పెట్టారు. 1986లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎనిమిది రకాల వృత్తుల్లో పేరు తెచ్చుకున్న 40 మంది రాతలు ఐదుగురు గ్రాఫాలజిస్టులకిచ్చి ఎవరిది ఏ వృత్తో చెప్పమన్నారు. గుడ్డిగా చీటీ తీస్తే ఎన్ని సరిపోతాయో దాదాపు అన్నే సరిపోయాయి. 1989లో నెటర్, బెన్ షఖర్ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన 17 అధ్యయనాల్ని కలిపి లెక్కగట్టారు. అవే పేజీలు ఇచ్చినప్పుడు గ్రాఫాలజీ అస్సలు రాని మామూలు మనుషుల కన్నా గ్రాఫాలజిస్టులు మెరుగ్గా ఏమీ చెప్పలేకపోయారు. ఇద్దరికీ దొరికిన కాస్త ఆధారమూ రాతలోంచి కాదు, రాసిన విషయంలోంచి. అందరి చేతా ఒకే పాఠం ఎక్కించి రాయించినప్పుడు ఆ కాస్తా పోయింది.

ఇది మీ బీరువాలో ఉన్న ఆరు కాగితాలకి సరిగ్గా వర్తిస్తుంది. "మీ గురించి ఒక పేజీ రాయండి" అనే కదా రాయించారు? అందులో ఒకడు నాన్న చనిపోయాక చదువు ఆపానని రాసుంటాడు, ఇంకొకడు మూడేళ్లలో నాలుగు చోట్ల చేశానని రాసుంటాడు. గ్రాఫాలజిస్టు అది చదివి "బాధ్యత తెలిసినవాడు", "నిలకడ లేదు" అని రాసి పంపుతాడు. ఆ మాత్రం మీరూ చదువుకోగలరు, 1,500 ఇవ్వకుండానే.

మరో లెక్క. ఉద్యోగంలో మనిషి ఎలా పనిచేస్తాడో ముందే ఏ పద్ధతి ఎంతవరకు పట్టిస్తుందని ష్మిట్, హంటర్ అనేవాళ్లు 1998లో ఎనభై అయిదేళ్ల పరిశోధనని కలిపి చూశారు. అస్సలు పట్టించకపోతే 0, నూటికి నూరుపాళ్లు పట్టిస్తే 1 అనుకోండి. పని చేయించి చూడటానికి 0.54, అందరికీ ఒకే ప్రశ్నలతో పద్ధతిగా చేసిన ఇంటర్వ్యూకి 0.51, నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూకి 0.38 వచ్చాయి. గ్రాఫాలజీకి 0.02. పై అంకెలు మరీ ఎక్కువ వేశారని 2022లో వేరే పరిశోధకులు సవరించారు: పద్ధతిగా చేసిన ఇంటర్వ్యూ 0.42, పని చేయించి చూడటం 0.33. తగ్గించినా ఆ 0.02కి అందనంత ఎత్తులోనే ఉన్నాయి.

నా దగ్గరా ఒక నోటు పుస్తకం ఉండేది. రిపోర్టు చూసి తీసుకున్న ముప్పై చిల్లర మంది పేర్లు రాసుకుని, ఏడాది తర్వాత వాళ్ల పనితీరుకి సూపర్‌వైజర్లు వేసిన అప్రైజల్ మార్కులతో పోల్చాను. మొదట చూస్తే కాస్త సరిపోయినట్టే కనిపించి నేనే తెల్లబోయాను. తర్వాత తెలిసింది, మా పెద్దసారు ఆ రిపోర్టుల్ని సూపర్‌వైజర్లకి ముందే చూపించేవారట! 'అసహనపరుడు' అని చదివిన సూపర్‌వైజరుకి ఆ కుర్రాడు రెండోసారి సెలవడిగితే అసహనమే కనబడుతుంది. మీ మావయ్య గారు "మా ఫ్రెండు ఫ్యాక్టరీలో అన్నీ నిజమయ్యాయి" అంటే, ముందు ఆ రిపోర్టులు ఎవరెవరు చదివారో అడగండి. ఇంకోటి, రిపోర్టు బాగాలేదని వదిలేసినవాళ్లు ఏమయ్యారో ఎవరూ రాసుకోరు. మందస కుర్రాడు నా పుస్తకంలో లేడు.

"కోర్టులే చేతిరాత నిపుణుల మాట వింటాయి కదా" అని మీ మావయ్య గారు అన్నారని రాశారు. వింటాయి, కానీ అది వేరే విద్య. ఈ చెక్కు మీద సంతకం ఫలానా మనిషిదేనా, ఈ వీలునామాలో అంకె దిద్దారా అని చూసేది ఫోరెన్సిక్ పరీక్ష. 1872 సాక్ష్య చట్టంలో 45వ సెక్షను, 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 39వ సెక్షను చెప్పేది దాని గురించే. ఎవరు రాశారో అది చెబుతుంది, రాసినవాడు ఎలాంటివాడో చెప్పదు. అక్కడా నిపుణుడి మాటని మన కోర్టులు జాగ్రత్తగా తూచే తీసుకుంటాయి. 1894లో ఫ్రాన్స్‌లో డ్రేఫస్ అనే సైనికాధికారిని ఒక కాగితం మీది రాత అతనిదేనని దేశద్రోహి కింద జైలుకి పంపారు. ఆ రాత వేరొకడిదని తేలి, అతను నిర్దోషి అనిపించుకునేసరికి 1906 వచ్చింది.

చేతిరాత అసలు చూడొద్దనడం లేదు. మా మందుల కంపెనీలో బ్యాచ్ రికార్డు అని ఉంటుంది. ఏ ముడిసరుకు ఎంత వేశారు, ఏ టైముకి ఎంత వేడి ఉంది, అన్నీ ఆపరేటరు అప్పటికప్పుడు చేత్తో రాయాలి. తప్పు రాస్తే చెరపకూడదు, వైట్నర్ పూయకూడదు. కింద అంకె కనబడేలా ఒకే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వెయ్యాలి. అక్కడ 1కీ 7కీ తేడా తెలియకపోతే ఇన్‌స్పెక్షన్‌లో కొంపమునుగుతుంది. అందుకని మేం అంకెలు రాయించి చూసేవాళ్లం. చూసేది ఒక్కటే, పక్కవాడు చదవగలడా లేదా. చదవలేకపోతే రెండు వారాలు నేర్పేవాళ్లం. మీ గుమాస్తాకీ ఆ పరీక్ష పెట్టండి, తప్పేం లేదు.

ఇక మీ అసలు బాధకి వద్దాం. పాత గుమాస్తా నాలుగేళ్లు తిన్నాడంటే అది అతని గుణమొక్కటే కాదు. మీరు రాసినదాన్నిబట్టి డబ్బు పుచ్చుకునేది అతనే, చిట్టా రాసేది అతనే, బ్యాంకులో కట్టేది అతనే, కూలి పంచేదీ అతనే. నాలుగు తాళాలూ ఒకే మొలతాడుకి కట్టి, మనిషి మంచివాడా అని అడుగుతున్నారు! రేపొద్దున ఎంత మంచివాణ్ణి తెచ్చినా, వాళ్లింట్లో పెళ్లో ఆస్పత్రో వచ్చిన నెలలో చెయ్యి అటు పోవచ్చు.

ముందు ఆ ముడులు విప్పండి. క్యాష్ పుచ్చుకునేవాడు చిట్టా రాయకూడదు. ఇద్దరు లేకపోతే ఆ రెంటిలో ఒకటి మీరో మీ ఆవిడో చూసుకోండి. సాయంత్రం ఐదొందలు ఎన్ని, వందలు ఎన్ని అని నోట్ల వివరంతో గల్లా లెక్క ముగించాలి, దాని మీద మీ సంతకం ఉండాలి. నెలలో రెండుసార్లు చెప్పకుండా వెళ్లి లెక్కపెట్టండి. బ్యాంకు మెసేజీలు మీ ఫోనుకే రావాలి. కౌంటర్లో అతికించిన క్యూఆర్ కోడ్ మీ ఖాతాదేనా అని ఈ రోజే స్కాన్ చేసి చూడండి, నవ్వకండి, ఇది జరుగుతోంది. పొట్టు తీసే ఆడవాళ్ల కూలి కిలోల లెక్కన కదా, ఆ కూలి పట్టీలో అసలు పనిలోకే రాని మనుషుల పేర్లూ ఉంటాయి. ఎప్పుడైనా పట్టీ పట్టుకుని షెడ్డులోకెళ్లి పేరు పేరునా పిలవండి. సరుకు లెక్కా ఉంది. 80 కిలోల పిక్కల బస్తాకి నాణ్యతని బట్టి 18 నుంచి 22 కిలోల పప్పు దిగుతుంది. ఒకే లాటులో ఒక వారం 20, మరో వారం 17 దిగితే, ఆ మూడు కిలోలు ఏ దారిన పోయాయో వెతకాలి. ఏడాదికోసారి గుమాస్తాకి పదిరోజులు సెలవిచ్చి పంపి, ఆ పదిరోజులూ ఇంకొకరు పుస్తకం రాయాలి. చాలా దొంగలెక్కలు ఆ పదిరోజుల్లోనే బయటపడతాయి. సెలవే తీసుకోని గుమాస్తాని చూసి నేనైతే మురిసిపోను.

మనిషిని ఎంచుకోవడానికి నేను వాడిన పద్ధతి ఒకటి చెబుతాను. పది ఓచర్లు, ఖాళీ చిట్టా పేజీ, నిన్నటి నిల్వ ఇచ్చి "ఈ రోజు లెక్క ముగించండి" అనండి. ఒక ఓచరులో కావాలని తప్పు పెట్టండి, అంకెల్లో 4,650, అక్షరాల్లో నాలుగువేల అయిదువందల అరవై. గల్లాలో ఉందని మీరిచ్చిన మొత్తంతో లెక్క తొంభై రూపాయలు తేడా రావాలి. గంట వదిలేసి చూడండి. ఒకడు తేడా గమనించడు. ఒకడు గమనించి "సార్, ఈ ఓచరులో రెండు రకాలుగా ఉన్నాది, ఏది నిజం?" అని లేచి వస్తాడు. ఇంకొకడు ఇతర ఖర్చులు అని 90 రాసి లెక్క సరిపెట్టేస్తాడు, టోటల్ ముచ్చటగా ఉంటుంది. జూట్ మిల్లులో నేను చూసిన అందమైన చిట్టాలు కొన్ని అలా సరిపెట్టినవే. ముత్యాల్లాంటి అక్షరాలు, కింద రెండు గీతలు.

సూపర్‌వైజరుకైతే ఇంకా తేలిక. కిలో పప్పు కలగలిపి పోసి వేరు చెయ్యమనండి, గుండు, బద్ద, ముక్క. గుండులో 240 ఏది, 320 ఏది. పౌనుకి ఎన్ని గుళ్లు పడతాయో దాన్నిబట్టే ఆ నంబర్లని తెలిసినవాడు చేతిలోకి తీసుకోగానే చెప్పేస్తాడు. తర్వాత, "పొట్టు తీసే ఆవిడ ముక్క ఎక్కువ చేస్తోంది, ఏం చేస్తారు?" అని అందరినీ అదే ప్రశ్న అడగండి. మార్కులు మీరూ మీ మావయ్య గారూ విడివిడిగా వేసుకున్నాకే మాట్లాడుకోండి. ఆఖర్న పాత యజమానికి ఫోన్ చేసి ఎలాంటివాడని అడగొద్దు, అందరూ మంచివాడనే అంటారు. "మళ్లీ వస్తే పెట్టుకుంటారా?" అని అడిగి, జవాబుకి ముందు ఎంతసేపు ఆగాడో గమనించండి.

ఇంకో విషయం. చెయ్యి వణికేవాళ్లు, పార్కిన్సన్స్ వల్ల అక్షరం చిన్నదైపోయేవాళ్లు, చిన్నప్పట్నుంచీ రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు ఉంటారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఇలాంటివీ ఉన్నాయి. 'సంకల్పబలం తక్కువ' అని రిపోర్టు వచ్చి మీరు వదిలేసింది అలాంటి మనిషినే కావచ్చు. పైగా ఆ పేజీల ఫోటోలు వాట్సాప్‌లో పంపితే వాళ్ల వ్యక్తిగత సమాచారం వేరే మనిషి చేతిలో పెట్టినట్టే. ఎందుకు రాయిస్తున్నారో ఆ ఆరుగురికీ చెప్పారా?

మీ మావయ్య గారితో గొడవ పడకండి. అడ్వాన్సు ఇచ్చుంటే పోయిందనుకోండి. "ఏటి బాబూ, కాయితం రాయిస్తే పోయేదేటి" అని ఆయన అంటే, ఓచర్ల పరీక్షకి ఆయన్నే ఎదురుగా కూర్చోబెట్టండి. కాగితాలు వాళ్లకి తిరిగిచ్చేసి, ఆరుగురినీ ఒకే పూట పిలవండి, ఒకరి తర్వాత ఒకరిని వేరే వేరే రోజులు కాదు. తప్పు ఏ ఓచరులో పెట్టారో మాత్రం మావయ్య గారికి కూడా చెప్పకండి. కాశీబుగ్గలో టీ చల్లారేలోపు అందరికీ తెలిసిపోతుంది.